ఇంటర్వ్యూ అయిపోయింది, ఆ గొంతు మాత్రం చెవిలోంచి పోవడం లేదు: రీసెర్చ్ చేసేవాళ్లను ఎవరు చూసుకోవాలి?

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)
సోమవారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. నేను యూజర్ రీసెర్చర్‌ని, అంటే యాప్‌లు వాడే జనాన్ని కలిసి, వాళ్లకు ఎక్కడ ఇబ్బంది అవుతోందో తెలుసుకునేదాన్ని. నెల్లూరులో ఇంటి నుంచే పని, కంపెనీ వేరే ఊళ్లో ఉంది, పేరు చెప్పను. ఏడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇట్లాంటి పోస్టు రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ఈసారి వచ్చిన ప్రాజెక్టు ఇన్సూరెన్స్ డెత్ క్లెయిమ్‌ల యాప్. ఏడాదికి 436 రూపాయలు కట్టే జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా (ఇది ప్రమాదంలో పోతేనే) లాంటివాటిలో మనిషి పోతే ఇంట్లోవాళ్లకు రెండు లక్షలు రావాలి. ఫారం నింపలేక చాలామంది మధ్యలోనే వదిలేస్తున్నారు. ఎక్కడ ఆగిపోతున్నారో కనుక్కోవడం నా పని. మూడు వారాల్లో పంతొమ్మిది ఇళ్లకు వెళ్లాను. ప్రతి ఇంట్లో ఒక దండ వేసిన ఫోటో.

అందులో ఒక ఇల్లు మైపాడు అవతల, సముద్రం పక్క పల్లెలో. భర్త వేటకు పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. నేను నా ఫోన్‌లో నమూనా స్క్రీన్లు తెరిచి ఆమె చేతికిచ్చాను. పేరు, ఊరు దాటింది. మూడో స్క్రీన్‌లో 'మరణించిన తేదీ' అని గడి, కింద క్యాలెండర్. ఆమె బొటనవేలు ఆ గడి మీద అట్టాగే ఆగిపోయింది. "ఏ తేదీ ఎయ్యమంటావు తల్లీ? పడవెక్కిన తేదీనా? పడవ దొరికిన తేదీనా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఫోన్ నా చేతికిచ్చి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

ఆరోజు నేను బాగానే ఉన్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాను కూడా. తర్వాత వారం రిపోర్టు కోసం ఆ రికార్డింగ్ పదకొండు సార్లు విన్నాను. ముక్కలు కోయాలి, ట్యాగులు పెట్టాలి, మీటింగులో చూపించడానికి ఒక క్లిప్ చెయ్యాలి. అప్పటినుంచి మొదలైంది. మొన్న విజయవాడ బస్సు టికెట్ బుక్ చేస్తుంటే క్యాలెండర్ తెరుచుకోగానే చెయ్యి ఆడలేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది. మా పాప ఏదైనా రెండోసారి అడిగితే అరుస్తున్నాను.

మా మేనేజరు మంచివాడే. "నీకు అనుభవం ఉందిగా, తట్టుకుంటావులే" అన్నాడు. వచ్చే నెల ఇంకో పన్నెండు ఇళ్లు ఉన్నాయి. ఇది నా బలహీనతా? మీలో ఎవరికైనా ఇట్లా అయిందా? ఏం చేశారు?

కొత్తపట్నం (ఒంగోలు)
మంగళవారం, ఉదయం 7:15

చెల్లీ, ముందు ఒక మాట. బలహీనత కాదు. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఐదారుగురు రీసెర్చర్లున్న టీమ్‌ను చూస్తాను కాబట్టి చెబుతున్నాను.

ఎదుటివాళ్ల గాయం విన్నవాళ్లకు అంటుకోవడం గురించి మానసిక వైద్యంలో ఎప్పటినుంచో రాస్తున్నారు. 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు బాధితులతో పనిచేసే థెరపిస్టుల గురించి రాస్తూ దీనికి వైకేరియస్ ట్రామటైజేషన్ అని పేరు పెట్టారు. మనం మామూలుగా సెకండరీ ట్రామా అంటున్నాం. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో, ఉద్యోగంలో భాగంగా ఘోరమైన వివరాలు పదేపదే ఎదుర్కోవడాన్ని కూడా ట్రామా కిందే లెక్కపెట్టారు. టీవీలోనో ఫోన్‌లోనో చూసింది లెక్కలోకి రాదు అని ఒక షరతు పెట్టి, 'ఉద్యోగం కోసం చూస్తే తప్ప' అని దానికి మినహాయింపు ఇచ్చారు. నువ్వు పదకొండు సార్లు విన్నది ఉద్యోగం కోసమే.

నీ పోస్టులో నన్ను ఆపింది ఆ పదకొండు అనే అంకె. ఇంటర్వ్యూలో ఆమె ఎదురుగా ఉంది, నీళ్లిచ్చింది, నువ్వు చెయ్యి పట్టుకోగలిగావు. రికార్డింగ్‌లో నువ్వేమీ చెయ్యలేవు. వినడం ఒక్కటే. మా టీమ్‌లో దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది ఫీల్డులో కాదు, డెస్కు దగ్గర దెబ్బతిన్నారు.

రెండు విషయాలు చెప్పు. రోజుకు ఎన్ని ఇళ్లకు వెళ్లావు? నీతో ఇంకెవరైనా ఉన్నారా?

పెన్నా_ఒడ్డు
మంగళవారం, ఉదయం 9:03

రోజుకు మూడు అన్నా. ఒకరోజు నాలుగు. కారు అద్దె కలిసొస్తుందని అట్లా పెట్టారు. నేనొక్కదాన్నే.

ట్రంకురోడ్డు (నెల్లూరు)
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను ప్రొడక్ట్ మేనేజర్‌ని. మీ బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, మనసులో మాట చెబుతున్నాను. పెద్దాసుపత్రిలో నర్సులు రోజూ చావులు చూస్తారు. పోలీసులు చూస్తారు. 108 వాళ్లు చూస్తారు. మనం గంటసేపు మాట్లాడి వచ్చేస్తాం. ప్రతి ప్రాజెక్టుకీ ఇట్లా జాగ్రత్తలు పెడుతూ పోతే పని ఎప్పటికి తెమిలేది? అయినా కష్టమైన విషయాలు వినలేనివాళ్లు ఈ పనిలోకి రావడం సరైనదేనా? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

కావలి_అక్క (కావలి)
మంగళవారం, సాయంత్రం 6:48

ట్రంకురోడ్డు గారూ, అడిగింది మంచిదే అయింది. చాలామంది మనసులో ఉండే ప్రశ్న ఇది. నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, హింసకు గురైన ఆడవాళ్లకు కౌన్సెలింగ్ చేసే పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను.

నర్సు చావు చూస్తుంది, నిజమే. ఆమెకు దానికి చదువు ఉంది, ట్రైనింగ్ ఉంది, షిఫ్టు అయిపోతే పక్క నర్సుకు అప్పజెప్పి ఇంటికెళ్తుంది. వార్డులో తను ఒక్కతే ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె చేతిలో సెలైన్ ఉంది, సూది ఉంది. ఏదో ఒకటి చేస్తుంది. అవన్నీ ఉండి కూడా నర్సులు కుంగిపోతుంటారు, అది వేరే కథ. రీసెర్చర్ చేతిలో ఏముంది? కన్సెంట్ ఫారం, ఫోన్. కథ తీసుకుని వచ్చేస్తుంది. "నా క్లెయిమ్ వస్తుందామ్మా?" అని అడిగితే "నాకు తెలియదండీ, మేం యాప్ కోసం వచ్చాం" అనాలి. విన్న కథ బరువు ఒకటి, ఏమీ చెయ్యకుండా వచ్చేశానే అన్న తప్పు భావన ఇంకొకటి. ఆ రెండోదే మనిషిని ఎక్కువ తినేస్తుంది.

ఇంకో సంగతి, ఇది రీసెర్చర్ల గొంతెమ్మ కోరిక కాదు. ఆడవాళ్లపై గృహహింస మీద పరిశోధన ఎట్లా చెయ్యాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే నియమాలు రాసింది. పరిశోధన బృందంలో ఉండే వాళ్లందరికీ ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, పని జరిగినన్నాళ్లూ తోడ్పాటు ఉండాలి అని అందులో ఉంది. మన యాప్‌ల లోకానికి ఆ మాట ఇంకా చేరలేదు, అంతే.

పెన్నా_ఒడ్డు తల్లీ, నీకు ఒక జాగ్రత్త. ఎవరైనా మంచి మనసుతోనే "అందరం ఒక గదిలో కూర్చుని జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పుకుందాం, తేలికపడతాం" అంటారు. ఆ పద్ధతిని చాలా చోట్ల పరీక్షించారు. ఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే డీబ్రీఫింగ్ వల్ల పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక మనసును వదలని జబ్బు) ఆగదని, కొందరికి ఇంకా ఎక్కువ కావచ్చని, వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్ష తేల్చింది. చెప్పుకోవద్దని కాదు. చెప్పే పద్ధతి ఒకటి ఉంది. ఫ్రాన్స్వాజ్ మాథ్యూ అనే కెనడా కౌన్సెలర్ నేర్పిన పద్ధతి మేం వాడేవాళ్లం. ముందు "నీతో ఒక కష్టమైన విషయం మాట్లాడాలి" అని హెచ్చరించు. "ఇప్పుడు వినగలవా?" అని అడుగు. ఒప్పుకుంటేనే చెప్పు, అది కూడా నీకేమయిందో చెప్పు, ఒళ్లు గగుర్పొడిచే వివరాలు అవసరమైతే తప్ప వద్దు. లేకపోతే నీ బరువు ఇంకొకరి మీదకు దొర్లుతుంది, అంతకుమించి ఏం జరగదు.

నిద్ర రెండు వారాలైనా సరిగా పట్టకపోతే డాక్టరుకు చూపించు. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి-మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఆత్మకూరు_కీబోర్డు (ఆత్మకూరు)
మంగళవారం, రాత్రి 10:55

నేను రీసెర్చర్‌ని కాదు. మీరు రికార్డు చేసినవి టైపు చేసేదాన్ని. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. కానీ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నిమిషానికింత అని ఇస్తారు. ఆడియో ఫైలు వస్తుంది, పేరు ఉండదు, నంబరు ఉంటుంది. లోపల ఏముందో ఎవరూ చెప్పరు. తెలుగులో విని తెలుగులో టైపు చేసి, కింద ఇంగ్లీషు రాయాలి. మనవైపు యాస సాఫ్ట్‌వేర్‌కు సరిగా అర్థం కాదు. అందుకే నాబోటివాళ్లకు పని దొరుకుతోంది.

మీరు పదకొండు సార్లు విన్నారు. నేను ప్రతి వాక్యం మూడు నాలుగు సార్లు వింటాను, అర్థం కాకపోతే వేగం సగానికి తగ్గించి వింటాను. మనిషి ఏడుపును సగం వేగంలో విన్నారా ఎప్పుడైనా? అది ఏడుపులా ఉండదు. ఏదో జంతువు మూలుగులా ఉంటుంది. దాన్ని నేను (ఏడుపు) అని బ్రాకెట్లో టైపు చెయ్యాలి. మౌనంగా ఉంటే (మౌనం, 14 సెకన్లు) అని రాయాలి. ఆ పద్నాలుగు సెకన్లు లెక్కపెట్టాలంటే హెడ్‌ఫోన్లలో ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు, బయట కోడి, ఆమె ముక్కు చీదడం అన్నీ వినాలి కదా.

పోయిన చలికాలంలో ఒక ఫైలు వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లవాడు చెరువులో పడి పోయాడు, వాళ్లమ్మ చెబుతోంది. మా వాడికీ తొమ్మిదేళ్లే. రాత్రి పదిన్నరకు, వాడు పక్కన నిద్రపోతుంటే టైపు చేశాను, ఎందుకంటే వాడు పడుకున్నాకే నాకు పని. ఆ తర్వాత నెల రోజులు వాణ్ని స్కూలు బస్సు ఎక్కించి బస్సు వెనకే స్కూటీ మీద వెళ్లాను. మా ఆయనకు చెబితే "అయితే ఆ పని మానెయ్" అన్నాడు. మానేస్తే ఇంటద్దె ఎవరిస్తారు.

ఎవరినీ నిందించడం లేదండీ. ఫైలు పంపేటప్పుడు పైన ఒక్క ముక్క రాస్తే చాలు. "ఇందులో పిల్లవాడి మరణం ఉంది" అని. పగలు చేసుకుంటాను, మా అత్తమ్మ పక్కన ఉన్నప్పుడు చేసుకుంటాను, లేకపోతే ఇది నావల్ల కాదు అని వెనక్కి పంపుతాను.

పెన్నా_ఒడ్డు
బుధవారం, ఉదయం 6:10

ఆత్మకూరు గారూ, మీ పోస్టు చదివి రాత్రంతా ఆలోచించాను. ఏడేళ్లలో నేను కనీసం రెండు వందల ఫైళ్లు అట్లా పంపి ఉంటాను. అటుపక్క ఒక మనిషి ఉందని తెలుసు, ఆ మనిషి వింటుందని తెలుసు, కానీ ఒక్కసారైనా పైన ఒక మాట రాయలేదు. క్షమించండి. నాకు నా మేనేజరు చెయ్యనిది నేను మీకూ చెయ్యలేదు.

ఇంకొకరు గుర్తొచ్చారు. ఆ పంతొమ్మిది ఇళ్లకూ నన్ను తీసుకెళ్లిన డ్రైవరన్న. గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని అంతా విన్నాడు. తిరుగు దారిలో ఒకరోజు కారు పక్కకు ఆపి, వాళ్ల నాన్న గురించి చెప్పి ఏడ్చాడు. అది కూడా నా రిపోర్టులో లేదు.

అక్షరదీపం_పాతమనిషి (కలిగిరి)
బుధవారం, మధ్యాహ్నం 3:30

నా వయసు అరవై రెండు. మా కోడలు ఈ చర్చ చూపించింది. మీ కంప్యూటర్ల పని నాకు తెలియదు కానీ వినే పని తెలుసు.

1991లో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది, అక్షరదీపం అనేవాళ్లు. నేను వాలంటీరుని. రాత్రిపూట లాంతరు పెట్టుకుని ఆడవాళ్లకు చదువు చెప్పేవాళ్లం. వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉండేది. ఆ పాఠం దగ్గరకు వచ్చేసరికి పలకలు పక్కన పెట్టేసేవాళ్లు. ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టేవాళ్లు. మొగుడు కూలి డబ్బులు లాక్కుపోవడం, పుస్తెలు అమ్మేయడం, కడుపుతో ఉన్నప్పుడు తన్నడం. మాకు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు. అవి వినడానికి మాకెవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.

మేం తట్టుకున్నామంటే రెండు కారణాలు. ఒకటి, ఎప్పుడూ ఒక్కరం వెళ్లలేదు. తరగతి అయ్యాక ఇద్దరు ముగ్గురం కలిసి చెరువు కట్ట మీద నడుచుకుంటూ వచ్చేవాళ్లం. ఏమీ మాట్లాడుకోకపోయినా పక్కన మనిషి అడుగుల చప్పుడు ఉండేది. రెండోది, ఆ కథలు మా దగ్గరే ఆగిపోలేదు. మా పక్కనే దూబగుంటలో ఆడవాళ్లు లేచి ఊళ్లోకి సారా రాకుండా ఆపేశారు. రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. విన్నది ఎక్కడో ఒకచోటికి చేరింది అని తెలిస్తే గుండె బరువు దిగుతుంది తల్లీ. చేరలేదనుకో, లోపలే కుళ్లుతుంది.

మాలో ఒకామె మాత్రం తట్టుకోలేక మధ్యలోనే మానేసింది. అప్పుడు పిరికిది అనుకున్నాం. వాళ్లింట్లో కూడా అదే జరుగుతోందని చాలా ఏళ్లకు తెలిసింది. ఒక్కరమన్నా అడగలేదు.

ఉదయగిరి_కొండగాలి (ఉదయగిరి)
బుధవారం, రాత్రి 8:12

పెద్దమ్మా, మీ చివరి మాట నాకే రాసినట్టు ఉంది. నేను కొత్తగా చేరాను, ఎనిమిది నెలలు. అప్పులతో ఇబ్బందిపడే రైతు కుటుంబాల మీద ప్రాజెక్టు, నన్ను వేశారు. మా నాన్న పొగాకు రైతు. ఎట్లా పోయాడో ఇక్కడ రాయలేను. మేనేజరుకు చెబితే "అయితే నీకు ఇంకా బాగా అర్థమవుతుంది" అంటారేమోనని భయం. చెప్పకుండా తప్పుకోవడం ఎట్లా?

కొత్తపట్నం
బుధవారం, రాత్రి 9:40

తమ్ముడూ, కారణం చెప్పనక్కర్లేదు. "ఈ ప్రాజెక్టు నేను చెయ్యలేను, ఇంకోటి ఇవ్వండి" అనే ఒక్క వాక్యం మెయిల్ పెట్టు. నువ్వు చెయ్యగలవనిపిస్తే చెయ్యి, కానీ అది నువ్వు తేల్చుకోవాలి. ఈ రాత్రి ఒంటరిగా ఉండకు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా? అక్క చెప్పిన 14416 నంబరు ఫోన్‌లో పెట్టుకో. నాకు మెసేజ్ కూడా పెట్టు, మేలుకునే ఉంటాను.

ఇట్లాంటి తమ్ముళ్ల కోసమే మా టీమ్‌లో ఒక పద్ధతి పెట్టాను. ప్రాజెక్టు మొదలయ్యే ముందు విషయం చెప్పి ఒక షీట్ తిప్పుతాం. వద్దనుకున్నవాళ్లు పేరు కొట్టేసుకోవచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. అడిగితే నా దగ్గరకు రమ్మంటాను.

మిగతాది పెన్నా_ఒడ్డు కోసం రాస్తున్నాను. ఇవన్నీ దెబ్బలు తిన్నాక నేర్చుకున్నవే. బరువైన ఇంటర్వ్యూలు రోజుకు రెండు దాటనివ్వం, మధ్యలో భోజనానికి కాక ఇంకో గంటన్నర ఖాళీ. కారు అద్దె ఎక్కువవుతుంది, అవనీ. ఇద్దరు వెళ్తారు, ఒక ఇంట్లో ఒకరు మాట్లాడితే ఇంకో ఇంట్లో రెండోవాళ్లు. ఇంటర్వ్యూకు మనుషుల్ని ఫోన్ చేసి పిలిచే పిల్లను కూడా ఈ లెక్కలోనే చూస్తాం, ఎందుకంటే కథ మొదట వినేది ఆమే. "మా ఆయన పోయాడమ్మా" అనే మాట రోజుకు ముప్పైసార్లు వింటుంది.

రికార్డింగ్ విషయంలో గట్టిగా ఉంటాను. ఇంటర్వ్యూ అయిన గంటలోపల, గుర్తున్నప్పుడే, 'పన్నెండో నిమిషం నుంచి పంతొమ్మిది దాకా జాగ్రత్త' అని ఒక కాగితం రాసుకోవాలి. విశ్లేషణ టైపు చేసినదాని మీదే, ఆడియో మీద కాదు. తప్పనిసరై వినాల్సి వస్తే పగలు, ఆఫీసు గంటల్లో, స్పీకర్‌లో. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే గొంతు నేరుగా తలలోకి వస్తుంది. పడకగదిలో లాప్‌టాప్ తెరవొద్దు. ఇక ఆ హైలైట్ క్లిప్‌లు! ఏడుస్తున్న మనిషిని మీటింగులో పదిహేనుమందికి చూపిస్తే అందరూ నిశ్శబ్దమైపోతారు, రీసెర్చ్ బాగా తగిలింది అనుకుంటాం. ఆ పదిహేనుమందిలో పోయిన నెల తండ్రిని పోగొట్టుకున్నవాడు ఉండొచ్చు. నేను ఏడుపు క్లిప్‌లు పూర్తిగా ఆపేశాను. మాటలు తెర మీద రాసి చూపిస్తాం, చాలు.

ఇంకొకటి, 'నేనేమీ చెయ్యలేకపోయాను' అనే బాధకు అక్క చెప్పినట్టు మందు వెతకాలి. వెళ్లేముందే ఒక కాగితం మీద రాసుకుంటాం: క్లెయిమ్ గురించి అడిగితే ఏ నంబరు ఇవ్వాలి, హింస జరుగుతోందని చెబితే 181 (ఆడవాళ్ల హెల్ప్‌లైన్), ప్రాణం మీదకు తెచ్చుకునేలా మాట్లాడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇంటర్వ్యూ ఎప్పుడు ఆపెయ్యాలి. ఆ కాగితం బ్యాగులో ఉంటే చేతులు ఖాళీగా ఉన్నట్టు అనిపించదు.

ట్రంకురోడ్డు
గురువారం, ఉదయం 8:25

మంగళవారం నేను రాసింది మళ్లీ చదువుకున్నాను. నర్సుతో పోల్చడం తప్పు. మా ప్రాజెక్టు ప్లాన్ తెరిచి చూశాను. ప్రయాణం ఖర్చు ఉంది, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకు ఇచ్చే డబ్బు ఉంది, ట్రాన్‌స్క్రిప్షన్ ఉంది. మనుషులు కోలుకోవడానికి ఒక్క రోజు కూడా లేదు. ప్లాన్‌లో లేనిది అడిగితే రీసెర్చర్ బతిమాలుకున్నట్టు అవుతుంది. ప్లాన్‌లో ఉంటే అది పనిలో భాగమైపోతుంది. అది రాయాల్సింది నేను. కొత్తపట్నం గారూ, మీ షీట్ నమూనా పంపగలరా?

పెన్నా_ఒడ్డు గారూ, ఒక ప్రశ్న. ఆ తేదీ గడి ఏమైంది? మనిషి ఆచూకీ లేకుండా పోతే, చనిపోయినట్టు కోర్టు భావించడానికి సాక్ష్య చట్టం ప్రకారం ఏడేళ్లు ఆగాలి. ఆమెకు ఇప్పుడు డెత్ సర్టిఫికెట్టే ఉండదు కదా. ఆ ఫారం ఆమెలాంటి వాళ్లను మనసులో పెట్టుకుని చేసిందే కాదు.

పెన్నా_ఒడ్డు
రెండు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:05

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. వారం సెలవు పెట్టాను. డాక్టరు దగ్గరకు వెళ్లాను. నిద్ర కొంచెం నయం. క్యాలెండర్ చూస్తే ఇంకా ఒక్క క్షణం ఆగుతున్నాను, కానీ టికెట్ బుక్ చెయ్యగలిగాను.

మేనేజరుతో మాట్లాడాను. ఈ చర్చంతా ప్రింట్ తీసి ఇచ్చాను. రోజుకు రెండు ఇళ్లకు ఒప్పుకున్నారు. నాతో ఇంకో అమ్మాయి వస్తుంది. కౌన్సెలర్ ఖర్చు మాత్రం 'వచ్చే ఏడాది చూద్దాం' అన్నారు. దాని మీద మళ్లీ అడుగుతాను, వదలను.

ట్రంకురోడ్డు గారూ, తేదీ గడి మారింది. క్యాలెండర్‌కు ముందు ఇంకో స్క్రీన్ వస్తుంది: 'ఏం జరిగిందో చెప్పండి'. అందులో 'మనిషి ఆచూకీ తెలియలేదు' అని ఒక వరస ఉంది. అది నొక్కితే తేదీ అడగదు, ఏ కాగితాలు కావాలో, ఎవరిని కలవాలో చూపిస్తుంది. ఆమెకు డబ్బు వచ్చేస్తుందని కాదు. మళ్లీ ఆ ఊరు వెళ్లి ఆ స్క్రీన్ ఆమెకు చూపించాను. చాలాసేపు చూసింది. "ఇది బాగుండాది" అని ఫోన్ నాకిచ్చి, ఈసారి టీ పెట్టింది. డ్రైవరన్నను కూడా లోపలికి పిలిచింది.

ఉదయగిరి_కొండగాలి
శనివారం, రాత్రి 7:30

ఆ మెయిల్ పెట్టాను. వేరే ప్రాజెక్టు ఇచ్చారు. ఎందుకని అడగలేదు. ఆ రాత్రి ఒంటిగంట దాకా నాతో మాట్లాడినందుకు కొత్తపట్నం అన్నకు దండాలు.

ఆత్మకూరు_కీబోర్డు
శనివారం, రాత్రి 9:14

నిన్న ఒక ఫైలు వచ్చింది. ఎవరిదో తెలియదు, నంబరే ఉంది. పైన ఒక కాగితం జతచేసి ఉంది: "ఇందులో భర్త మరణం గురించి ఉంది. 12వ నిమిషం నుంచి 19 దాకా ఆమె ఏడుస్తారు. తొందర లేదు, పగలు చేసుకోండి. చెయ్యలేకపోతే వెనక్కి పంపండి, డబ్బు తగ్గించం."

ఈరోజు పొద్దున పదింటికి చేశాను. అత్తమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. పన్నెండో నిమిషం వచ్చినప్పుడు హెడ్‌ఫోన్లు తీసి, రెండు నిమిషాలు నేను కూడా వలిచాను. మళ్లీ పెట్టుకుని మిగతాది టైపు చేశాను.